ఎనిమిది రోజులు, ఆరుగురు, అమ్మగారి మోకాళ్లు: యెల్లోస్టోన్ ఒక్కటే పెట్టుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డాలస్ దగ్గర ఉంటున్నారు. మీరు, మీ ఆవిడ, ఈ మేలో నాలుగో తరగతి పూర్తి చేస్తున్న పాప, నాలుగేళ్ల బాబు, గుంటూరు నుంచి వస్తున్న అమ్మానాన్న. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నాన్నగారికి బీపీ, షుగర్. జూలైలో ఎనిమిది రోజులు సెలవు దొరికింది. లాస్ వేగస్‌లో దిగి, గ్రాండ్ క్యాన్యన్, జయాన్, యెల్లోస్టోన్ పార్కులు చూసుకుని, సాల్ట్ లేక్ సిటీ నుంచి తిరుగు విమానం ఎక్కాలని ప్లాన్. "ఇది కుదురుతుందా? దారిలో ఇంకేమైనా కలుపుకోవచ్చా?" అని అడిగారు.

కలపడం మాట అటుంచండి, ఉన్నవాటిలో మూడు తీసేయాలి.

లెక్క చూడండి. వేగస్ నుంచి గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ (లోయకి దక్షిణపు అంచు) 280 మైళ్లు. అక్కడినుంచి జయాన్ ఇంకో 250. జయాన్ నుంచి, యెల్లోస్టోన్ పడమటి గేటు దగ్గరున్న వెస్ట్ యెల్లోస్టోన్ ఊరు 600 మైళ్ల పైమాటే. మళ్లీ సాల్ట్ లేక్ సిటీకి 320. పార్కుల లోపల తిరిగేది కలపకుండానే 1,400 మైళ్లు దాటింది. ఆగకుండా నడిపితేనే ఇరవై నాలుగు గంటల స్టీరింగ్. అమ్మగారు గంటన్నరకోసారి దిగి కాళ్లు సాచుకోవాలి, నాన్నగారు గంటకోసారి బాత్రూమ్ అంటారు, బాబు అరగంటకోసారి ఏదో ఒకటి అంటాడు. ఆ ఇరవై నాలుగు ముప్పై ఐదవుతాయి.

ఇది ఊహించి చెప్పడం లేదు. 2013లో మా అమ్మానాన్న కడప నుంచి మొదటిసారి వచ్చినప్పుడు నేను సరిగ్గా ఇదే చేశాను. ఏడు రోజుల్లో ఐదు పార్కులు. ఎక్సెల్ షీట్‌లో పావుగంటల లెక్కన రాసుకున్నాను కూడా. నాలుగోరోజు సాయంత్రం మా నాన్న వెనక సీట్లోంచి, "ఒరే, అమెరికా అంతా కారు అద్దంలోంచే చూపిస్తాండావు గదరా" అన్నారు. ఆ తర్వాత నేను యెల్లోస్టోన్‌కి మూడుసార్లు వెళ్లాను, అందులో ఒకసారి మళ్లీ వాళ్లతోనే. ఆ రెండో ట్రిప్పు గురించి మా అమ్మ ఇప్పటికీ ఇరుగుపొరుగుకి చెప్తుంది. మొదటిదాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు.

మరి నాలుగింట్లో యెల్లోస్టోనే ఎందుకు? జూలై కాబట్టి. ఆ నెలలో వేగస్ పగలు 105 ఫారెన్‌హీట్ దాటుతుంది. గుంటూరు ఎండలు చూసినవాళ్లకి ఇదో లెక్కా అనిపించొచ్చు, కానీ ఎండాకాలం తప్పించుకుందామని మే నెలలో విమానం ఎక్కినవాళ్లని తెచ్చి మళ్లీ ఎండలో నిలబెట్టడం ఏం న్యాయం? సౌత్ రిమ్ 7,000 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ కాస్త నయం. కానీ అక్కడ చాలాచోట్ల అంచున రెయిలింగ్ ఉండదు. పరుగెత్తే నాలుగేళ్ల పిల్లాడిని పక్కన పెట్టుకుని ఆ లోయని చూడటంలో టెన్షనే తప్ప ఆనందం ఉండదు. పైగా అది ఒకే మహాదృశ్యం. పెద్దవాళ్లు గంటసేపు మైమరచి చూస్తారు, పిల్లలు పది నిమిషాలకి ఐప్యాడ్ అడుగుతారు. యెల్లోస్టోన్‌లో అలా కాదు. ఓ చోట నీళ్లు ఎగజిమ్ముతుంటాయి, ఇంకో చోట బురద కుతకుతలాడుతుంది, మలుపు తిరిగితే బైసన్ల (అమెరికా అడవిదున్నల) మంద రోడ్డు దాటుతుంటుంది. అరగంటకో వింత. నాలుగేళ్లవాడికీ డెబ్బై ఏళ్లావిడకీ ఒకేసారి నచ్చే చోటు నాకు తెలిసి అమెరికాలో ఇంకోటి లేదు.

గ్రాండ్ క్యాన్యన్ వదులుకోమని కాదు. మీవాళ్లు అక్టోబరు చివరిదాకా ఉంటారన్నారు కదా, అది అక్టోబరులో నాలుగు రోజుల ట్రిప్పుగా పెట్టుకోండి. ఫీనిక్స్‌లో దిగితే సౌత్ రిమ్‌కి మూడున్నర, నాలుగు గంటలు. రిమ్ వెంట సిమెంటు దారి ఉంది, పార్కు షటిల్ బస్సులు ఉచితం, చలి కూడా హాయిగా ఉంటుంది. నార్త్ రిమ్ వైపు ఆలోచించకండి. 2025 జూలైలో కార్చిచ్చుకి అక్కడి పాత లాడ్జి కాలిపోయింది.

ఇక యెల్లోస్టోన్. 1872 మార్చి 1న ఏర్పడింది, అమెరికాలో మొట్టమొదటి నేషనల్ పార్కు ఇదే. ఎక్కువ భాగం వయోమింగ్‌లో, అంచులు మోంటానా, ఐడహో రాష్ట్రాల్లో. 22 లక్షల ఎకరాలు. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే పాత ఉమ్మడి గుంటూరు జిల్లాలో ముప్పావు వంతు కంటే పెద్దది. లోపలి ప్రధాన రోడ్డు ఇంగ్లిష్ ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్లు ఉంటుంది. గంటకి 45 మైళ్లు మించి వెళ్లకూడదు, బైసన్లు అడ్డొస్తే అదీ ఉండదు. మ్యాప్‌లో గంట అని చూపిస్తే గంటన్నర వేసుకోండి. ఒక్కరోజులో ఎనిమిదంతా చుట్టేయొచ్చని చెప్పేవాళ్లు ఉంటారు. చుట్టేయొచ్చు. చూడటం మాత్రం జరగదు.

నా సలహా ప్రకారం మీ రూటు ఇలా ఉంటుంది. డాలస్ నుంచి మోంటానాలోని బోజ్‌మన్‌కి నేరుగా విమానాలున్నాయి. అక్కడ దిగి, 90 మైళ్ల దూరంలోని వెస్ట్ యెల్లోస్టోన్‌లో మూడు రాత్రులు. తర్వాత పార్కు లోపల క్యాన్యన్ విలేజ్‌లో ఒక రాత్రి. చివరి మూడు రాత్రులు దక్షిణాన ఆనుకునే ఉన్న గ్రాండ్ టీటన్ పార్కు దగ్గర, జాక్సన్‌లో. తిరుగు విమానం జాక్సన్ నుంచే. ఆ విమానాశ్రయం నేషనల్ పార్కు లోపలే ఉంది, మరే పార్కులోనూ అలా పెద్ద విమానాలు దిగే చోటు లేదు. కొండల పక్కనుంచి విమానం లేస్తుంటే కిటికీ సీటు నాన్నగారికి ఇవ్వండి. కారు ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలేస్తే అదనంగా వసూలు చేస్తారు, బుక్ చేసేముందు ఆ మొత్తం చూసుకోండి. మరీ ఎక్కువైతే సాల్ట్ లేక్ సిటీలో దిగి అక్కడే ఎక్కండి. టికెట్లూ కార్లూ అక్కడ చవగ్గా దొరకొచ్చు. కానీ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఐదేసి గంటల డ్రైవ్, మధ్యలో ఐడహో ఫాల్స్‌లో ఆగాలి.

కారు విషయంలో మొహమాటపడకండి. ఎస్‌యూవీ కాదు, మినీవ్యాన్. పక్కకి జరిగే తలుపు, కిందకి ఉండే మెట్టు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగాలంటే అదే సుఖం. మొదటి ట్రిప్పులో స్టైలుగా ఉంటుందని పెద్ద ఎస్‌యూవీ తీసుకున్నాను. మా అమ్మ దాంట్లోకి ఎక్కడం ఎద్దులబండి ఎక్కినట్టే ఉండేది, వెనకనుంచి ఒకరు తోయాలి.

పార్కు లోపలి గదులు ఏడాది ముందే అయిపోతాయి. ఇప్పుడు వెతికితే ఏమీ కనబడదు, కంగారుపడకండి. జనం క్యాన్సిల్ చేస్తూనే ఉంటారు. రోజూ ఉదయం ఒకసారి వెబ్‌సైట్ తెరిచి చూస్తే ఒక్క రాత్రి దొరికే అవకాశం బాగానే ఉంది. నాకు క్యాన్యన్ విలేజ్‌లో గది ప్రయాణానికి నెలరోజుల ముందు దొరికింది. దొరక్కపోతే వెస్ట్ యెల్లోస్టోన్‌లోనే నాలుగో రాత్రి కూడా వేసుకోండి. దూరంగా ఉన్న ఊరిలో చవగ్గా వస్తుందని మాత్రం తీసుకోవద్దు. నేను మొదటిసారి గేటుకి గంటన్నర దూరంలో ఒక మోటెల్ తీసుకున్నాను. ఫోటోల్లో కిచెన్ ఉంది, వెళ్లి చూస్తే ఒక మైక్రోవేవ్, పనిచేయని ఫ్రిజ్. రోజుకి మూడు గంటలు రాకపోకలకే పోయాయి. ఆ ట్రిప్పు చెడింది అక్కడే.

గేటుకి దగ్గరగా ఎందుకంటే, ఈ పార్కుని రెండు పూటలుగా చూడాలి. జూలైలో ఆరుగంటలకల్లా తెల్లవారుతుంది, రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది. ఉదయం ఆరున్నరకి బయల్దేరండి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా గదికి వచ్చేయండి. తినండి, అందరూ పడుకోండి. ఐదింటికి మళ్లీ బయల్దేరండి. పది నుంచి నాలుగు మధ్య మిగతా అమెరికా అంతా పార్కింగ్ కోసం కొట్టుకుంటుంటుంది, ఆ సమయంలో మీరు గురకపెడుతుంటారు. మధ్యాహ్నాలు ఉరుముల వానలు కూడా ఎక్కువ. ఆ సమయంలో లోపల ఉండటమే మేలు.

మొదటి ఉదయం వెళ్లాల్సింది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే పేరుమోసిన గీజరుకి (మరిగే నీళ్లు ఆగి ఆగి ఎగజిమ్మే ఊట) కాదు, ఫౌంటెన్ పెయింట్ పాట్ అనే చోటికి. అర మైలు చుట్టు, చెక్క దారి. ఎగజిమ్మే గీజరు, వేడినీటి గుండం, ఉడికే బురద, ఆవిరి బిలం, ఈ నాలుగు రకాలూ ఆ అర మైలులోనే ఉన్నాయి. బురద గుంటలు బుడగలు కక్కుతుంటే మా అమ్మ చాలాసేపు నిలబడి చూసి, "సంగటి ఉడుకుతాంది చూడు" అంది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. వాసన మాత్రం కుళ్లిన కోడిగుడ్లది, గంధకం వాయువు. ముక్కు మూసుకోమని పిల్లలకి ముందే చెబితే అదో ఆటవుతుంది.

అక్కడినుంచి మిడ్‌వే గీజర్ బేసిన్ పక్కనే. గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగుల గుండం అక్కడే ఉంది. మీరు ఫోటోల్లో చూసే నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ వలయాలు అదే. మధ్యలో నీళ్లు మరీ వేడి కాబట్టి దాదాపు ఏమీ బతకదు, అందుకే నీలం. అంచులకి వచ్చేకొద్దీ వేడి తగ్గి, ఒక్కో ఉష్ణోగ్రతలో ఒక్కోరకం సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటివే ఆ రంగులు. పొద్దున్నే చలికి ఆవిరి ఎక్కువగా ఉండి రంగులు సరిగా కనిపించవు. కానీ పక్కనుంచి నడిచే అనుభవం పొద్దున్నే బాగుంటుంది. గాలి ఎక్కువ, టోపీలు గట్టిగా పట్టుకోండి. ఎగిరిపోయిన టోపీ కోసం చెక్కదారి దిగకూడదు. పైనుంచి చూసే చోటు వేరే ఉంది. ఫెయిరీ ఫాల్స్ పార్కింగ్ నుంచి 0.6 మైలు నడక, చివర్లో వంద అడుగుల ఎక్కుడు. అమ్మగారిని కారు దగ్గర నాన్నగారితో కూర్చోబెట్టి మీరు, మీ ఆవిడ, పాప ఎండ బాగా ఉన్నప్పుడు వెళ్లిరండి.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సాయంత్రం చూడండి. సగటున గంటన్నరకోసారి లేస్తుంది, వంద అడుగులు దాటి ఎగురుతుంది. మళ్లీ ఎప్పుడో పది నిమిషాలు అటూఇటూగా ముందే చెప్తారు, పార్క్ సర్వీస్ యాప్‌లోనూ ఉంటుంది. చుట్టూ బెంచీలు. అమ్మగారు ఒక్క అడుగు ఎక్కువ వేయకుండా కూర్చుని చూడొచ్చు. ఏడింటి తర్వాత జనం సగానికి సగం తగ్గుతారు. ఎదురుగా 1904లో దుంగలతో కట్టిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ ఉంది. అందులో గది లేకపోయినా లోపలికి వెళ్లి పైకప్పు చూడండి. మా నాన్న గీజరు కంటే దాన్నే ఎక్కువసేపు చూశారు, దూలాలు లెక్కపెడుతూ.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నుంచి మైలున్నర నడిస్తే మార్నింగ్ గ్లోరీ అనే గుండం వస్తుంది. మా అమ్మ దాని దగ్గర నిలబడి, దండం పెట్టుకుని, పర్సులోంచి క్వార్టర్ (పావు డాలరు బిళ్ల) తీసింది. రైలు కృష్ణా బ్రిడ్జి ఎక్కితే రూపాయి బిళ్ల వేయకుండా ఉండలేని మనిషి కదా. చెయ్యి పట్టుకుని ఆపాను. ఒకప్పుడు ఆ గుండం మొత్తం నీలంగా ఉండేది. దశాబ్దాలుగా జనం వేసిన నాణేలూ చెత్తా అడుగున నీళ్లు వచ్చే దారిని అడ్డుకోవడంతో వేడి తగ్గి, అంచుల్లోని పసుపు, నారింజ రంగులు లోపలికి పాకాయి. 1950లో శుభ్రం చేసినప్పుడు నాణేలతో పాటు చేతిరుమాళ్లు, తువ్వాళ్లు, మేజోళ్లు కూడా బయటపడ్డాయి. అంటే అలవాటు మనదొక్కటే కాదన్నమాట. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

ఇంకో రెండు భయాలు, నిజంగా భయపడాల్సినవి. ఒకటి నేల. చెక్కదారి పక్కన నేల గట్టిగా కనిపిస్తుంది, కానీ చాలాచోట్ల అది పలచటి పెంకు. కింద మరిగే నీళ్లు. ఈ పార్కులో వేడినీళ్లలో పడి ఇప్పటిదాకా 20 మందికి పైగా చనిపోయారు. చాలాచోట్ల దారికి కమ్మీలు కూడా ఉండవు. బాబు చెయ్యి ఎవరు పట్టుకోవాలో కారు దిగేముందే పేరు పెట్టి చెప్పండి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు. 2024 జూలైలో బిస్కెట్ బేసిన్ అనే చోట నేల ఉన్నట్టుండి పేలి రాళ్లు ఎగిరాయి, అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. అలాంటి చోట్లు మూసేసి ఉంటే గొలుసు దాటకండి.

రెండోది బైసన్. ఇక్కడ మన పెద్దవాళ్లతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పల్లెల్లో పెరిగినవాళ్లకి గేదెలంటే భయం లేదు. "మన బర్రెలాంటిదే కదరా" అని దగ్గరికి నడిచేస్తారు. ఇది అది కాదు. మగది 900 కిలోల దాకా ఉంటుంది, గంటకి 35 మైళ్లు పరుగెత్తుతుంది. ఈ పార్కులో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచింది ఎలుగుబంట్లు కావు, ఇవే. జూలై చివర్లో జత కట్టే కాలం మొదలవుతుంది, అప్పుడు ఇంకా చిరాగ్గా ఉంటాయి. బైసన్, ఎల్క్ (పెద్ద జాతి దుప్పి)లకి 25 గజాలు, ఎలుగులకీ తోడేళ్లకీ 100 గజాలు దూరం ఉండాలనేది నిబంధన. నాన్నగారికి ఒక బైనాక్యులర్ కొనివ్వండి. అది చేతిలో ఉంటే దగ్గరికి వెళ్లాలనే కోరిక సగం పోతుంది.

రెండో రోజు సగం సెలవు ఇచ్చేయండి. వెస్ట్ యెల్లోస్టోన్ ఊళ్లోనే గ్రిజ్లీ అండ్ వుల్ఫ్ డిస్కవరీ సెంటర్ ఉంది. అడవిలో వదలడానికి వీల్లేని ఎలుగుబంట్లు, తోడేళ్లు అక్కడ ఉంటాయి. పార్కులో ఎలుగు కనిపించకపోయినా పిల్లలకి లోటుండదు. మీకు ఓపిక ఉంటే ఊరికి ఉత్తరాన అరగంట దూరంలో క్వేక్ లేక్ చూడండి. 1959 ఆగస్టులో 7.3 తీవ్రత భూకంపానికి ఒక కొండచరియ జారి నదికి అడ్డంగా పడి ఏర్పడిన చెరువు అది. నీళ్లలో ఎండిన చెట్ల మొదళ్లు ఇంకా నిలబడే ఉంటాయి. పిల్లలకంటే నాన్నగారికి నచ్చుతుంది.

క్యాన్యన్ విలేజ్ వైపు వెళ్లే రోజు దారిలో నారిస్ బేసిన్ వస్తుంది. అక్కడ మెట్లూ ఎక్కుడూ ఉన్నాయి, పైనుంచి చూసి వచ్చేయండి. ఆర్టిస్ట్ పాయింట్ మాత్రం వదలొద్దు. పసుపు రాతి లోయలో 308 అడుగుల జలపాతం ఎదురుగా కనిపిస్తుంది, కారు నుంచి కొద్ది నడకే, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. జలపాతం అంచుదాకా దిగే దారి ఇంకోటి ఉంది, అది 600 అడుగుల లోతు. దిగడం సులువే, ఎక్కేటప్పుడు మీరు కూడా నన్ను తిడతారు. సాయంత్రం హేడెన్ వ్యాలీలో కారు ఆపుకుని కూర్చోండి. వందల బైసన్లు నదికి దిగుతుంటాయి. పార్కు ఉత్తర భాగంలో ఉన్న లామార్ వ్యాలీ, మామత్ వేడి ఊటలు రెండూ వదిలేయమనే చెప్తాను. తోడేళ్లని చూడాలంటే తెల్లవారకముందే లామార్‌లో ఉండాలి, నాలుగేళ్లవాడితో అది జరగదు. మామత్‌లో మెట్లు ఎక్కువ.

చక్రాల కుర్చీ గురించి. మడిచి పెట్టుకునే తేలికపాటిది ఒకటి కొని తీసుకెళ్లండి, విమానంలో దానికి డబ్బులు తీసుకోరు. అమ్మగారు ఒప్పుకోరు. "నేనేమన్నా మంచాన పడ్డానా" అంటారు. మా అమ్మ కూడా అంది. సామాన్లు పెట్టుకోవడానికి అని చెప్పి తెచ్చాను. మొదటిరోజు సాయంత్రానికి నీళ్ల సీసాలూ స్వెటర్లూ నా చేతికి వచ్చాయి, మా అమ్మ కుర్చీలోకి వెళ్లింది.

ఎత్తు సంగతి మర్చిపోవద్దు. పార్కులో ఎక్కువ భాగం 7,500 అడుగుల పైన ఉంది, తిరుమల కొండకి రెండింతలకి మించి. మొదటిరోజు తలనొప్పి, ఆయాసం రావడం మామూలే. ఆ రోజు ఏమీ పెట్టుకోకండి, నీళ్లు బాగా తాగించండి. బీపీ, షుగర్ మందుల గురించి బయల్దేరే ముందు డాక్టరుతో ఒకసారి మాట్లాడండి. పార్కులో మామత్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, లేక్ దగ్గర వేసవిలో క్లినిక్‌లు ఉంటాయి. పెద్ద ఆసుపత్రి కావాలంటే బోజ్‌మన్, ఐడహో ఫాల్స్, జాక్సన్‌లకే వెళ్లాలి. అందుకని విజిటర్ ఇన్సూరెన్స్ లేకుండా వీళ్లని ఇల్లు కదిలించకండి. పాలసీలో పాతరోగాల గురించి ఏం రాశారో ఆ ఒక్క పేజీ అయినా చదవండి.

చలికి మంకీ క్యాప్ పెట్టుకోండి, నవ్వకండి. జూలైలో పగలు 75, 80 ఫారెన్‌హీట్ ఉంటే రాత్రికి 40కి పడిపోతుంది. దోమలు కూడా ఉంటాయి.

ఇక భోజనం. ఇండియన్ రెస్టారెంటు మీద ఆశ పెట్టుకోకుండా కిచెన్ ఉన్న క్యాబిన్ తీసుకోండి, బోజ్‌మన్‌లోనే సరుకులు కొనేయండి. ఒక చిక్కు ఎవరూ ముందుగా చెప్పరు. ఆ ఎత్తులో నీళ్లు 93 సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో పప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది, రైస్ కుక్కర్‌లో అన్నం పలుకుగానే దిగుతుంది. చిన్న ప్రెషర్ కుక్కరో ఇన్‌స్టంట్ పాటో పెట్టెలో పెట్టుకోండి, పప్పు ముందురోజు రాత్రే నానబెట్టండి. పొద్దున్నే పులిహోరో చపాతీలో కట్టుకుంటే పిక్నిక్ టేబుళ్లు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. తినగానే సర్దేయాలి. తిండి, కూలర్, ఆఖరికి ఆవకాయ సీసా కూడా బల్లమీద వదిలి ఫోటోలకి వెళ్లకూడదు, ఎలుగులు వాసనకే వస్తాయి. వాటికోసం వాడే బేర్ స్ప్రే విమానంలో తీసుకెళ్లనివ్వరు, లగేజీలో కూడా. అక్కడే కొనుక్కోవాలి, లేదా అద్దెకి తీసుకోవాలి. చెక్కదారుల మీద తిరిగే మీకు పెద్దగా అవసరం పడదు, ట్రయిల్ మీద నడిస్తే మాత్రం ఉండాలి.

బాత్రూములు చాలాచోట్ల గొయ్యి రకం. నీళ్లుండవు, టిష్యూ పేపరే. ఈ విషయం మన పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పరు, నీళ్లు తాగడం మానేస్తారు. ఈ ఎత్తులో అది ప్రమాదం. నీళ్లు పట్టుకెళ్లడానికి ఒక ఖాళీ సీసా, తడి టిష్యూలు కారులో పెట్టి, ఎక్కడుందో అమ్మగారికి చూపించండి.

డబ్బుల విషయంలో 2026 జనవరి 1 నుంచి మారింది, పాత వీడియోలు చూసి లెక్క వేయకండి. యెల్లోస్టోన్‌లో మామూలు ప్రవేశం కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. కానీ అమెరికాలో నివాసం లేని 16 ఏళ్లు పైబడినవాళ్లకి, అంటే విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకి, పదకొండు పెద్ద పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, గ్రాండ్ క్యాన్యన్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. మూడింటికీ విడివిడిగా కడితే ఇద్దరికీ కలిపి 600. దానికి బదులు విదేశీయుల వార్షిక పాస్ 250 డాలర్లకి దొరుకుతుంది, అది ఉంటే ఈ అదనం ఉండదు. ఒక పాస్ మీద కారులో ఎవరెవరు వస్తారన్నది పార్క్ సర్వీస్ పేజీలో చదువుకుని కొనండి. అక్టోబరు ట్రిప్పుకీ అదే పాస్ పనికొస్తుంది. ఇంకోటి, మీ పాప నాలుగో తరగతి కదా. ఆ తరగతి పిల్లలకి ప్రభుత్వం ఏడాది ఉచిత పాస్ ఇస్తుంది, ఆగస్టు 31 దాకా చెల్లుతుంది, తను కూర్చున్న కారులోని మీకూ ప్రవేశ రుసుము ఉండదు. ఆన్‌లైన్‌లో ఒక చిన్న ఆట ఆడితే వోచర్ వస్తుంది, పాపతోనే ఆడించండి. దాంతో అమ్మానాన్నల అదనం కూడా పోతుందని మాత్రం అనుకోకండి. సీనియర్ పాస్ వాళ్లకి రాదు, అది పౌరులకీ గ్రీన్ కార్డు వాళ్లకీ. గేటు దగ్గర ఐడీ చూస్తారు, మీ లైసెన్సులూ వాళ్ల పాస్‌పోర్టులూ డిక్కీలో కాదు, చేతి సంచీలో ఉండాలి.

టీటన్ గురించి ఎక్కువ చెప్పను, అది విశ్రాంతి భాగం. యెల్లోస్టోన్ నుంచి దిగేటప్పుడు సరస్సు ఒడ్డున వెస్ట్ థంబ్‌లో అరగంట ఆగండి. నీలం చెరువులోనే వేడి ఊటలు కనిపిస్తాయి. టీటన్‌లో జెన్నీ లేక్ మీద పడవ ఎక్కితే చెరువు చుట్టూ నడిచే రెండు మైళ్లు తప్పుతుంది. స్నేక్ నదిలో నిదానంగా సాగే తెప్ప ప్రయాణాలు ఉంటాయి, బుక్ చేసేముందు బాబు వయసు చెప్పి అడగండి. సిగ్నల్ మౌంటెన్ పైదాకా కారు వెళ్తుంది. ఒక సాయంత్రం ఏమీ పెట్టుకోకుండా ఆక్స్‌బో బెండ్ దగ్గర మడత కుర్చీలు వేసుకుని కూర్చోండి. నీళ్లలో కొండల నీడ చూస్తూ మా నాన్న అక్కడ రెండు గంటలు ఒక్కమాట మాట్లాడలేదు. రాజకీయాలు కూడా.

ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపులూ పార్క్ యాప్ సమాచారమూ ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి. పిల్లలకి మొదటి విజిటర్ సెంటర్‌లోనే జూనియర్ రేంజర్ పుస్తకం తీసుకోండి. అది పూర్తి చేస్తే రేంజరు (పార్కు ఉద్యోగి) ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తాడు. మా పెద్దది ఆ ప్రమాణం చేసేటప్పుడు పక్కనే మా నాన్న కూడా చెయ్యెత్తి నిలబడ్డారు.

వేగస్ హోటల్‌కి డబ్బు వాపస్ వస్తుందన్నారు, గడువు చూసుకుని ఈ వారమే క్యాన్సిల్ చేయండి. వెస్ట్ యెల్లోస్టోన్‌లో కిచెన్ క్యాబిన్ మాత్రం ఈ రాత్రికే వెతకడం మొదలుపెట్టండి. అమ్మగారు ఆగకుండా ఎంత దూరం నడవగలరో, మెట్లు ఎన్ని ఎక్కగలరో రాస్తే, రోజువారీగా ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్తాను.